రెండు కళ్లూ ఒకే పక్క

పోయిన నెల మా సూర్యాపేట గ్రంథాలయానికి కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. అందులో ఒకటి మన దేశపు ఆధునిక చిత్రకళ గురించి. ఇంటికి ఇవ్వని పుస్తకం, బల్ల దగ్గర కూర్చునే చదవాలి. నాలుగు రోజులు వరసగా వెళ్లి చదివాను. నాలుగో రోజు ఒక పేజీ తిప్పి గట్టిగా నవ్వేశాను. ఎదురుగా పేపరు చదువుతున్న మాస్టారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు.

ఆ పేజీలో నల్లసిరాతో తీసిన చెక్క అచ్చు ఉంది. ఒక మగమనిషి మొహం. రెండు కళ్లూ ముక్కుకు ఒకే పక్కన ఉన్నాయి. ముక్కులు మాత్రం రెండు. ఒకటి పక్కనుంచి చూసినట్టు పొడుగ్గా, ఇంకొకటి ఎదురుగా చూసినట్టు చప్పిడిగా. కుడి చెంప మీద పెద్ద మచ్చ. బొమ్మ వేసిన కళాకారుడి పేరు తెలియదని కింద రాశారు. పక్కన పెద్ద వివరణ ఇచ్చారు. మనిషి లోపల్లోపల ముక్కలైపోవడం చూపించాడట. పడమటి దేశాల ప్రభావమట.

నేను నాలుగో తరగతితో బడి మానినదాన్ని. మిగతా చదువంతా ఈ గ్రంథాలయం బల్లల మీదే. పెద్దలు రాసినదాన్ని ఊరికే కాదనను. పడమటి ప్రభావం ఉండే ఉంటుంది. కానీ ఆ బొమ్మ వేసింది ఆడమనిషి. ఆ మొహానికి రెండు ముక్కులు రావడానికి కారణం, ఒక పట్వారీ, ఒక బండి తోలేవాడూ మా అరుగు మీద కూర్చుని ఒక్క మాట మీదికి రాకపోవడం.

ఆమె పేరు నాకు తెలుసు. రాయను. తన బొమ్మల కింద ఆమె ఎన్నడూ పేరు పెట్టలేదు. ఎందుకని అడిగితే, "రొట్టె మీద చేసినామె పేరు రాస్తుందా?" అనేది.

*

నిజాం రోజుల్లో మా ఇంట్లో ముందు గది ఆమెకు కిరాయికి ఇచ్చాం. ఆడపిల్లల బడిలో బొమ్మల పంతులమ్మ. సొంతూరు కోదాడ. బెంగాలు పోయి ఒక బొమ్మల బడిలో నాలుగేళ్లు చెక్క చెక్కడం, అచ్చు తీయడం నేర్చుకుని వచ్చింది. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. పెళ్లెందుకు చేసుకోలేదని ఒకరోజు అడిగాను.

"బొమ్మలు ఆరేయడానికే తాడు చాలట్లేదు చెల్లీ. ఇంక మొగుడి పంచెలు ఎక్కడ ఆరేయను?"

నిజంగానే చాలేది కాదు. వాకిట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తాడు. దాని నిండా తడి కాగితాలు. నా చీరలు మాత్రం గోడ మీద.

ఆమె పని పద్ధతి ఇదీ. చెక్క మీద మొహం చెక్కుతుంది. దీపం మసి, అవిసె నూనె కలిపిన సిరా పూస్తుంది. మీద కాగితం వేసి, నా అన్నం గరిటె తీసుకుని వెనకవైపుతో గుండ్రంగా రుద్దుతుంది. బెంగాలులో దీనికి వేరే సాధనం ఉందట, ఇక్కడ గరిటె. ఆ గరిటె ఎంత తోమినా నల్లబారే ఉండేది. మా ఇంటాయన అన్నంలో నల్లచుక్క కనబడితే, "ఇయ్యాల ఎవల మొఖం ఒండినవ్?" అనేవాడు.

చెక్క దొరక్కపోతే మా పీటల అడుగున చెక్కేసేది. ఒకరోజు బజార్లో కూరగాయలమ్మే అవ్వ మొహం పీట వెనక చెక్కి, తిరగేసి, సిరా పూసి, కాగితం కోసం లోపలికి పోయింది. మా ఇంటాయన బయటినుంచి వచ్చి ఆ పీట మీద కూర్చున్నాడు. లేచి, మళ్లీ బజారుకు పోయాడు. తెల్ల పంచె వెనక, కూర్చునే చోట, అవ్వ మొహం. ఒక ముక్కు, నాలుగు గీతలు, అంతే. అయినా బజారంతా గుర్తుపట్టింది. అవ్వ బుట్ట వదిలేసి వెంటబడింది.

"ఏం కొడుకా, కూసుంటానికి నీకు నా మొఖమే దొరికిందా?"

ఆ మధ్యాహ్నం నుంచీ మా ఇంటాయన ఆమెతో మాట్లాడటం మానేశాడు. కానీ ఆ పంచెను ఉతకనివ్వలేదు.

కలకత్తాలో ఒకామె, బొంబాయిలో ఒకామె, మద్రాసులో ఒకామె ఆమెకు స్నేహితులు. నలుగురూ ఇట్లా చెక్కేవాళ్లే. ఉత్తరాలు రాసుకునేవాళ్లు కారు, కార్డు సైజు అచ్చులు పంపుకునేవాళ్లు. తపాలాయన వాటిని తిరగేసి మరగేసి, "ఏది బొమ్మ, ఏది మొహర్ ముద్ర తెలుస్తలేదు పంతులమ్మా" అని మొత్తుకునేవాడు. ఆ ముగ్గురి పేర్లూ మొన్నటి పుస్తకంలో వెతికాను. ఒకామె ఉంది, భర్త గురించి రాసిన పేరాలో.

ఆమెకు ఒక మంకుపట్టు ఉండేది. చెక్క మీద ఎడమవైపు చెక్కింది కాగితం మీద కుడివైపు వస్తుంది, అద్దంలోలాగా. అందుకని అచ్చు పనివాళ్లు ముందు పలచటి కాగితం మీద గీసి, దాన్ని తిరగేసి చెక్కుతారు. ఆమె ఆ పని చేయదు. అది దొంగతనం అంటుంది. బడి వార్షికోత్సవానికి సరస్వతిని చెక్కితే, అచ్చులో అమ్మవారు ఎడమచేత్తో వీణ మీటింది. పెద్ద పంతులమ్మ లబోదిబోమంది.

"నా చెయ్యి సరిగ్గానే చెక్కిందండీ. కాగితం తనవైపు నుంచి చూసుకుంది. కుడీ ఎడమా మనం పెట్టుకున్నవి. కాగితానికి లేవు."

పెద్ద పంతులమ్మ చేసేది లేక ఆ బొమ్మకు ఎదురుగా ఒక నిలువుటద్దం పెట్టించి, వచ్చిన అతిథులందర్నీ అద్దంలోనే దణ్ణం పెట్టుకోమంది.

*

అవి దళాల రోజులు. పల్లెల్లో దొరల మీద జనం దళాలు కట్టి లేచారు. వాళ్ల కోసం సర్కారు వెతుకుతోంది. యూనియన్ సైన్యం రావడానికి ఇంకా ఏడాది ఉంది. పట్టుకుపోయిన మగవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు తక్కువ.

మా ఇంటాయన పంచెను ఆవేళ బజార్లో పోలీసు ఠాణా నడిపే అమీన్ కూడా చూశాడట. నాలుగు గీతలకే బజారంతా గుర్తుపట్టిందంటే ఈ పంతులమ్మ తనకు పనికొస్తుంది అనుకున్నాడు. మరునాడే ముగ్గుర్ని వెంటేసుకుని మా అరుగు మీదికి వచ్చాడు. ఒక దళం నాయకుణ్ణి పట్టుకోవాలి. ఫోటో లేదు. చూసినవాళ్లు ఈ ముగ్గురు: పట్వారీ, బండాయన, చాయ్ దుకాణం ఆయన. వీళ్లు చెప్పిన ప్రకారం ఆమె మొహం చెక్కాలి. అది గోడలకు అంటిస్తారు. చెయ్యను అంటే ఏమవుతుందో అమీన్ చెప్పలేదు. ఆమె అడగలేదు.

"ముక్కు పొడుగు," అన్నాడు పట్వారీ.

"పొడుగేడిది అయ్యా, పకోడి లెక్కుంటది," అన్నాడు బండాయన.

"నువ్వు సూసినవా?"

"నా బండి ఎక్కిండు. నేను సూడకపోతె ఎద్దులు సూసినయా?"

చాయ్ దుకాణం ఆయన ముక్కు సంగతి తనకు తెలియదన్నాడు. చాయ్ తాగేటప్పుడు ముక్కు గ్లాసులో ఉందట. ముగ్గురూ ఒప్పుకున్నది ఒక్కటే, ఎడమ చెంప మీద మచ్చ. ఎందుకంటే ముగ్గురూ అతన్ని ఎడమ పక్కనుంచే చూశారు. ఆమె చెక్క పలక మీద వంగి అందరి మాటా విన్నది. ఎవర్నీ కాదనలేదు. ఎవరు ఏది చెప్తే అది చెక్కింది. వారం తర్వాత మొదటి అచ్చు తీసి అమీన్ చేతిలో పెట్టింది.

అమీన్ దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"గిదేంది పంతులమ్మా? రెండు కండ్లు ఒక్క దిక్కే వెట్టినవ్?"

"రెండో పక్క ఎవరూ చూడలేదు కదా సాబ్. చూడని చోట కన్ను ఎట్లా పెట్టను?"

"మరి ముక్కులు?"

"పారిపోయేవాణ్ణి పక్కనుంచి చూస్తారు, పట్టుబడ్డాక ఎదురుగా చూస్తారు. ఎట్లా చూసినా గుర్తుపట్టాలి కదా."

బెంగాలు చదువు ముందు తెలివితక్కువవాడిలా కనబడటం అమీన్‌కు ఇష్టం లేదు. "శభాష్," అన్నాడు. ప్రతి కాగితం మీదా గుండ్రటి సర్కారు మొహర్ వేయించాడు. పైన ఉన్న పెద్ద సాబ్‌కు కూడా ఒకటి పంపాడు. ఆ పెద్ద సాబ్ పట్నంలో నాలుగు బొమ్మలు చూసినవాడేమో, ఇంత కొత్తరకం పని మన ఠాణాలో జరగడం గర్వమని అమీన్‌కు జాబు రాశాడు. అమీన్ ఆ జాబుకు పటం కట్టించాడు.

బొమ్మ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ గోడలన్నిటికీ ఎక్కింది. గంజితో అంటించినందుకు సగం మేకలు తిన్నాయి. మిగిలిన సగం చూసి కోదాడలో ఒకామె, పదేళ్ల కింద ఇల్లొదిలిపోయిన తన మొగుడేనని ఠాణా ముందు కూర్చుంది. తమ పెద్దమనిషిని అవమానించారని ఒక ఊరివాళ్లు వచ్చారు. మా బజార్లో అయితే ఆ పొడుగు ముక్కు అమీన్‌దేనని చెవులు కొరుక్కున్నారు.

నేనూ నవ్వాను, అందరితోపాటు.

*

ఒకరోజు పొద్దున్నే మా వదినె మిర్యాలగూడ నుంచి దిగింది. చెప్పుల్లేవు. వాకిట్లోనే కూలబడింది.

"మీ అన్నను పట్టుకపోయిన్రు పిల్లా. గా గోడ మీది బొమ్మల ఉన్నది ఈనెనే అంటున్రు. ఈడికే, మీ ఊరి ఠాణాకే తెచ్చిన్రు."

మా అన్న బియ్యం మిల్లులో వడ్లు ఉడకేసే చోట పని చేసేవాడు. ఒకసారి ఆవిరి కొట్టి కుడి చెంప కాలింది. దళం మాట దేవుడెరుగు, కోడిపుంజు ఎదురొస్తే సందు మారే మనిషి.

నేను ముందు గదిలోకి పరుగెత్తాను. ఆ పలక గోడకు ఆనించి ఉంది. పలక మీద మచ్చ ఎడమ చెంపకే ఉంది. పక్కన తాడు మీద మిగిలిన అచ్చు ఒకటి వేలాడుతోంది. దాని మీద మచ్చ కుడి చెంపకు ఉంది. వీణ, అద్దం, అన్నీ అప్పుడు అర్థమయ్యాయి.

"అక్కా, ఎడమ మచ్చోని కోసం కుడి మచ్చోన్ని పట్టుకున్నరు. మా అన్నను పట్టుకున్నరు."

ఆమె పలకను చూసింది. అచ్చును చూసింది.

"తెలిసే చేసినవా?"

"అలవాటు కొద్దీ చేశాను. తిరగేయడం నాకు నామోషీ కదా." ఆ మాట తన మీద తనే ఉమ్మినట్టుగా అంది.

"అయితె అమీన్‌కు చెప్పు. కాగితం మీద తిరగబడ్డదని చెప్పు. అన్నను ఇడుస్తడు."

"వదుల్తాడు. గోడల మీద మచ్చ రెండో చెంపకు మారుస్తాడు. అప్పుడు ఇంకొకామె చెప్పుల్లేకుండా వస్తుంది."

"రానీ. నాకు మా అన్న గావాలె."

ఇప్పుడు రాస్తుంటే ఆ మాట నాకు మంచిగా అనిపించదు. కానీ అన్నాను. మళ్లీ అలాంటి పొద్దు వస్తే మళ్లీ అంటాను.

ఆమె చీర కొంగు సర్దుకుని బయల్దేరింది. నేను ఆ పలకను సిరా మొహం లోపలికి తిప్పి, కొంగు కింద పెట్టుకుని వెంట నడిచాను, మా వెనక వదినె. ఆమె చెప్పకపోతే నేనే పలక తీసి అమీన్‌కు చూపించాలని నిశ్చయం. దారిలో పలక మూల కొంగులోంచి బయటకు వచ్చింది. ఆమె చూసింది. చూసి ముందుకే నడిచింది.

*

ఠాణా వరండాలో మా అన్న నిలబడి ఉన్నాడు. చేతులు వెనక కట్టారు. పెదవి చిట్లింది. నన్ను చూసి పలకరించడానికి కూడా భయపడ్డాడు.

"పంతులమ్మా, నీ బొమ్మ పని చేసింది!" అన్నాడు అమీన్ సంబరంగా. "మచ్చ సూడు, కుడి చెంప. పెద్ద సాబ్‌కు రాస్తున్న."

"పోలిక నేను చూడాలి సాబ్. గీసింది నేను."

అమీన్ అచ్చు తెప్పించాడు. ఆమె దాన్ని మా అన్న మొహం పక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. కొంగు కింద పలకను నేను ఇంకొంచెం పైకి జరిపాను.

"ఇతను కాదు," అంది.

"ఎట్ల కాదు?"

"ఇతనికి కళ్లు ముక్కుకు రెండు పక్కలా ఉన్నాయి."

ఒక జవాను ముందుకొచ్చి మా అన్న కళ్లు లెక్కపెట్టినట్టు చూశాడు.

"ఎవలికైన గట్లనే ఉంటయి గద!" అన్నాడు అమీన్.

"అందరి సంగతి నాకు తెలియదు సాబ్. మీ సాక్షులు చెప్పిన మనిషికి రెండూ ఒకే పక్క. ముక్కులు రెండు. ఇతనికి ఒక్కటే. సర్కారు మొహర్ ఉంది చూడండి. మొహర్ మీరు వేశారు."

"పక్కకు తిప్పి సూడున్రి," అన్నాడు అమీన్ జవాన్లతో.

ఇద్దరు జవాన్లు మా అన్న గడ్డం పట్టి తిప్పారు. ఇటు తిప్పితే ఒక కన్నే కనబడింది. అటు తిప్పినా ఒకటే. "జర రెండు తేరా ఇటు దిక్కు," అన్నాడు జవాను. మా అన్న, నా పిచ్చి అన్న, నిజంగా తేవడానికి ప్రయత్నం చేశాడు. మూతి వంకర చేశాడు, కనుబొమలు లాగాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా చూపును ఒక పక్కకు ఈడ్చాడు.

"అయితలేదు సారూ," అన్నాడు, తప్పు తనదే అన్నట్టు.

"బొమ్మ తప్పంటవా పంతులమ్మా?" అమీన్ గొంతు తగ్గింది.

"నేను అనను. మీరు అంటే రాసివ్వండి, పెద్ద సాబ్‌కు పంపుదాం."

అమీన్ గోడ మీద పటం కట్టిన జాబు వైపు చూశాడు. తర్వాత మా అన్న వైపు చూశాడు. రెండు పక్కలా కళ్లు పెట్టుకుని తన నౌకరీ మీదికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. అప్పుడే ఆయన కన్ను నా మీద పడింది.

"కొంగు కింద ఏంది?"

"పీట సాబ్," అన్నాను. కింద పెట్టి కూర్చున్నాను కూడా. నా కింద ఆ మొహం, ఎడమ చెంప మచ్చతో సహా.

అమీన్ కట్లు విప్పించాడు. కానీ మనిషిని వెంటనే పోనివ్వలేదు. "ఈడ నేను ఇడుస్త. గోడల మీద బొమ్మలున్నయి, దారిల నాకా కాడ జవాన్లు ఆపి మచ్చ సూసి మళ్ల పట్టుకుంటరు. పంతులమ్మా, ఈనెది గూడ ఒక బొమ్మ గియ్యి. గీ మనిషి గా మనిషి కాదని మొహర్ ఏస్త. జేబుల వెట్టుకొని తిరుగుతడు. గని ఈసారి మనిషి లెక్క గియ్యి. మచ్చ ఉన్నకాడ మచ్చ, కన్నున్నకాడ కన్ను."

ఆమె నా వైపు తిరిగి, "లే చెల్లీ, పీట ఇవ్వు," అంది.

పలక వెనకవైపు ఖాళీగా ఉంది. ఆమె దాన్ని ఒళ్లో బోర్లించుకుంది, ఆ పాత మొహం తన చీరకు ఆనించి. నన్ను ఇంటికి పంపి ఉలి, సిరా, గరిటె తెప్పించింది. జవాన్లు గడ్డం గీసుకునే అద్దం అడిగింది. మా అన్నను కూర్చోబెట్టి, పక్కన అద్దం నిలబెట్టి, అన్నను చూడకుండా అద్దంలో ఉన్న అన్నను చూసి చెక్కింది. అచ్చు తీస్తే సరిగ్గా రావడానికి. జీవితంలో ఆమె తిరగేసి చెక్కడం అదొక్కసారే. మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా తల ఎత్తలేదు.

ఆ బొమ్మ అచ్చంగా మా అన్నే. వదినె చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అన్న మాత్రం చాలాసేపు చూసి, మెల్లగా అన్నాడు.

"అమ్మా, గా గోడ మీద ఉన్నదే మంచిగుండె."

"అది నువ్వు కాదన్నా," అంది ఆమె.

"కాదులే. గని దాంట్ల భయం లేకుండె. జర దీంట్లకెల్లి భయం తీసెయ్యరాదా?"

ఆమె ఉలి చేత్తో పట్టుకుని బొమ్మనూ ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"కోసిన చెక్క మళ్లీ అతకదన్నా," అంది.

*

ఎడమ మచ్చ మనిషి ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. మునగాల పరగణాలోకి దాటాడని కొందరన్నారు. అది నిజాం చేతికింద లేని నేల, పోలీసులు అడుగు పెట్టరు. అసలు అట్లాంటి మనిషే లేడని ఇంకొందరన్నారు.

పదిహేను రోజులకు వదినె మళ్లీ వచ్చింది, ఈసారి చెప్పులతో, ఒక మూట నూకలతో. మూట అక్క గుమ్మంలో పెట్టి, నవ్వుతూ చెప్పుకొచ్చింది.

"మూడు నాకాల కాడ ఆపిన్రు పంతులమ్మా. ఆపంగనే ఈనె ఒణుక్కుంట జేబులకెల్లి నీ బొమ్మ తీసిండు. జవాను బొమ్మ సూసిండు, మొఖం సూసిండు. అచ్చం గట్లనే ఉన్నడని ఇడిసిండు. ఒక్క కాడ మాత్రం ఈనె జర ధైర్యంగ నిలవడ్డడు. పోలిక కలుస్తలేదని గంటసేపు కూసోవెట్టిన్రు. మళ్ల భయపడ్డంక పోనిచ్చిన్రు!"

నేను పగలబడి నవ్వాను. వదినె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

అక్క మాత్రం నవ్వలేదు. లేచి, పక్క వీధి వడ్రంగి దగ్గరికి వెళ్లి చిత్రిక పట్టే సాధనం అడిగి తెచ్చింది. పలకను వాకిట్లో పెట్టి, మా అన్న మొహం మీద చిత్రిక పట్టడం మొదలుపెట్టింది. కళ్లు పోయాయి, మచ్చ పోయింది, భయం చివరికి పోయింది. పొట్టు గాలికి వాకిలంతా చెదిరింది.

"గంత కష్టపడి చేసినవ్ గదక్కా. మంచిగ కుదిరింది," అన్నాను.

"కుదిరింది చెల్లీ. అదే తప్పు."

ఆ తర్వాత మా ఇంట్లో ఉన్న రెండేళ్లూ ఆమె ఎన్నో మొహాలు చెక్కింది. ఎన్నింటికో గరిటె నేనే పట్టాను. వాటిలో ఏ ఒక్కటి చేతబట్టుకున్నా, ఏ నాకా దగ్గరా ఏ జవానూ ఒక మనిషిని పట్టుకోలేడు, వదలనూ లేడు.